ఆరని అతుకు

మా వీధి చివర కాలువ ఉంది. నగరం నడిమధ్యలోంచి పోయే కాలువ కాబట్టి దానికి గట్లంటూ లేవు. రెండు పక్కలా నిలువెత్తు సిమెంటు గోడలు, గోడల మీద ఇనప కమ్మీలు, ఆ కమ్మీలకి మోచేతులు ఆనించుకుని గాలాలు వేసే మనుషులు. ఒక్కచోట మాత్రం గోడ తెగి పదహారు మెట్లు నీళ్ళలోకి దిగుతాయి. ఆ మెట్ల కింద నీలం డ్రమ్ముల మీద చెక్కలు పరిచి కట్టిన తేలే రేవు ఉండేది. పక్కనే రేకుల షెడ్డు. అందులో పద్నాలుగు కయాకులు, నాలుగు తొక్కుడు పడవలు, గోడ పొడవునా వేలాడే లైఫ్ జాకెట్లు. వారమంతా కంప్యూటర్ల ముందు కూర్చుని నడుములు పట్టేసినవాళ్ళు ఆదివారం పొద్దున్నే వచ్చి ఆ ఒంటిమనిషి పడవల్లో దిగి, తెడ్డు వేసుకుంటూ వంతెనల కిందుగా లాకుల దాకా వెళ్ళి వచ్చేవాళ్ళు.

ఆ షెడ్డుకి ఎదురుగా నాది సైకిల్ రిపేరు దుకాణం. అందువల్ల ఈ కథ నాకు తెలుసు. కొంత కళ్ళారా చూశాను. మిగతాది ఆమె నా దుకాణంలో బల్ల మీద కూర్చుని చెప్పింది.

ఆమెని అందరూ అతుకులక్క అనేవాళ్ళు. షెడ్డు యజమాని ఆమెకి స్వయానా బావ, అక్క మొగుడు. పెళ్ళయిన ఆరేళ్ళకి భర్త జ్వరంతో పోతే, పిల్లలూ లేరు, అత్తవారింట్లో పలకరించే దిక్కూ లేదు, అక్కే వెళ్ళి చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది. షెడ్డు వెనక గది ఇచ్చారు. గది అంటే ఒక మంచం, ఒక అల్మారా, కాలువ వైపు తెరుచుకునే ఒక కిటికీ. మొదట్లో ఆమె వంటింట్లో అక్కకి సాయం చేస్తూ, బావ ఎదురుపడితే గోడకి అతుక్కుపోతూ ఉండేది.

ఒకసారి రెండు కయాకులు వంతెన స్తంభానికి కొట్టుకుని పగిలాయి. అతికే మనిషి ఇదిగో వస్తా అదిగో వస్తా అంటూ పది రోజులు తిప్పాడు. పదకొండో రోజు ఈమె బావతో, "నేను చేసి చూడనా?" అంది. ఆ అతికే మనిషి వచ్చి చేసేటప్పుడు ఈమె వంటింటి గుమ్మంలోంచి చూస్తూ ఉండేదట. బావ నవ్వి, ఎలాగూ పగిలిందే కదా, కానివ్వు అన్నాడు. ఆ పడవ ఆ తర్వాత నాలుగేళ్ళు తిరిగింది.

అలా పదకొండేళ్ళు చేసింది ఆ పని. పగిలినచోట చుట్టూ గీకి, ఉప్పుకాగితంతో గరుకు తేల్చి, దుమ్మంతా తుడిచి, గాజునార బట్టని పెద్దా చిన్నా ముక్కలుగా కోసి, జిగురులాంటి రెజిన్‌లో దాన్ని గట్టిపరిచే హార్డనర్ చుక్కలు లెక్కపెట్టి కలిపి, పొర మీద పొర పరిచి, బుడగ లేకుండా బ్రష్షుతో కొట్టి కొట్టి దించేది. అది గట్టిపడాలంటే పొడి గాలి, వేడి కావాలి. ముసురు పట్టిందంటే ఒక రోజు పని మూడు రోజులు పడుతుంది. పైన ముట్టుకుంటే ఆరినట్టే ఉంటుంది, లోపల మాత్రం జిగట. ఆమె వేలి కణుపుతో తట్టి, చెవి దగ్గర పెట్టి విని చెప్పేది ఆరిందో లేదో. ఆ మందు పడక చేతులు ఎప్పుడూ ఎర్రగా పొక్కిపోయి ఉండేవి. నా దుకాణానికి వచ్చి గ్రీజు అడిగి రాసుకునేది. "సైకిలు గొలుసుకి రాసేది మనిషికి రాస్తే ఎలా అక్కా?" అంటే, "తుప్పు పట్టేది రెండూ ఒకటే కదా తమ్ముడూ" అనేది.

బావ చెడ్డవాడు కాదు. ఈ మాట ముందే చెప్పుకోవాలి. నోరు మంచిది, చెయ్యి మంచిది. వచ్చినవాళ్ళకి పడవ చూపిస్తూ, "మా మరదలు అతుకు వేసిందంటే పడవ పోవాలి గానీ అతుకు పోదు" అని గొప్పగా చెప్పేవాడు. ఆమె తల దించుకుని నవ్వుకునేది. పరాయి పంచన ఉన్నాననే బాధ ఆ మాటతో కాస్త తగ్గేదని నాతో అంది.

ప్రతి ఆదివారం లిఫ్టు మెకానిక్ ఒకాయన వచ్చేవాడు. యాభైకి ఒకటి తక్కువ. సన్నగా, పొడుగ్గా, చొక్కా జేబులో ఎప్పుడూ చిన్న టార్చిలైటు. "ఆరు రోజులు జనాన్ని పైకీ కిందకీ పంపుతాను, ఏడో రోజు నేను అడ్డంగా పోతాను" అనేవాడు. తెడ్డు వేసుకుంటూ మూడో వంతెన కింద నీడలోకి వెళ్ళి, పడవని స్తంభానికి కట్టేసి గాలం వేసేవాడు. పట్టిన చేపని కాసేపు చూసుకుని మళ్ళీ నీళ్ళలో వదిలేసేవాడు. అదేం సరదా అని బావ అడిగితే, "తినడానికైతే బజారుందిగా" అనేవాడు.

ఆయనొక్కడే అతుకులక్కతో ఆగి మాట్లాడే మనిషి. రెండు పనులవాళ్ళ మధ్య ఉండే మాటలు అవి. ఒకసారి ఆమె అతుకు మీద చెయ్యి పెట్టి నిమిరి, "జాయింటు ఎక్కడుందో తెలియట్లేదు. ఇంత బాగా చేసిన పడవ మీరెప్పుడైనా ఎక్కారా?" అని అడిగాడు.

"నాకు ఈత రాదండీ."

"ఈత రానివాళ్ళు ఎక్కితేనేగా అతుకు సంగతి తేలేది. నేను బాగుచేసిన లిఫ్టులో మొదట నేనే ఎక్కుతాను. అది మా కంపెనీ రూలు కాదు, నా భయం."

ఆమె కూడా ఊరుకోలేదు. "మీరు జాకెట్టు విప్పేసి సీటు వెనక కట్టుకుంటున్నారట. వంతెన మీదనించి చూసినవాళ్ళు చెప్పారు" అంది.

"దాంతో చెయ్యి తిరగదమ్మా. గాలం విసరడానికి భుజం ఆడాలి కదా."

"పడితే?"

"పడను. పద్దెనిమిదేళ్ళుగా పడలేదు."

ఆ ఏడు వానలు వెళ్ళిపోయినట్టే వెళ్ళి మళ్ళీ పట్టుకున్నాయి. ఒక బుధవారం ఏడో నంబరు కయాకు అడుగున జానెడు పొడవు చీలిక వచ్చింది. నీళ్ళలో మునిగిన ఇనప కడ్డీ ఏదో గీసుకుంది. గురువారం, శుక్రవారం ముసురే. శనివారం మధ్యాహ్నానికి కాస్త తెరిపి ఇస్తే ఆమె అతుకు వేసి, పెద్ద దీపం ఒకటి దగ్గర పెట్టి వేడి తగలనిచ్చింది. హార్డనర్ డబ్బా అడుగంటింది. ఉన్నదాంతో సరిపెట్టింది.

ఆదివారం పొద్దున ఎండ వచ్చింది. దాంతోపాటు ఒక ఆఫీసు వాళ్ళు పదముగ్గురు ఒకే రంగు బనియన్లు వేసుకుని దిగారు. ముందే చెప్పి ఉంచుకున్నవాళ్ళు. పదమూడు కయాకులూ వాళ్ళకి పోతే మిగిలేది ఏడో నంబరు. లిఫ్టు మెకానిక్ గాలపుకర్ర భుజాన వేసుకుని మెట్లు దిగుతున్నాడు.

బావ షెడ్డులోకి వచ్చాడు. "ఏడో నంబరు ఎలా ఉంది?"

ఆమె వేలితో తట్టింది. "పైన ఆరింది. లోపల సంగతి చెప్పలేను. ఇంకో రోజు ఉంచాలి బావా."

"ఆయన తెడ్డు వేసేదెంత, వంతెన దాకానే కదా. వెళ్ళి కదలకుండా కూర్చుంటాడు. బరువు పడదు, దెబ్బ తగలదు. అయినా ఎండ కూడా వచ్చిందిగా."

"ఇంకో రోజు..."

"నువ్వు వద్దంటే వద్దు. ఆయన్ని వెనక్కి పంపించేస్తాను. పాపం, వారమంతా ఈ రెండు గంటల కోసం చూస్తాడు."

ఆ మాటలో బలవంతం లేదు. అదే ఆమెని తర్వాత ఎక్కువ బాధపెట్టింది. బలవంతం చేసి ఉంటే ఒక దారి ఉండేది. ఆమె మెట్ల వైపు చూసింది. ఆయన చెయ్యెత్తి పలకరించాడు. ఈమె "సరే" అంది. అని ఊరుకోలేదు. అతుకు తెల్లగా కనిపిస్తే బాగుండదని పైన నీలం రంగు ఒక పూత పూసింది, తొందరగా ఆరిపోయే రంగు. పది నిమిషాల్లో జాయింటు ఎక్కడుందో తెలియకుండా పోయింది. పడవ నీళ్ళలోకి దింపేటప్పుడు ఆయన, "ఇవాళ కొత్తదానిలా ఉందే" అన్నాడు.

పదిన్నరకి మూడో వంతెన వైపు నుంచి కేకలు వినిపించాయి.

కయాకు లోపల బోలుగా ఉంటుంది. అడుగున చిన్న సందు దొరికితే చాలు, నీళ్ళు చప్పుడు లేకుండా చేరతాయి. కూర్చున్నవాడికి పడవ కాస్త బరువెక్కినట్టు ఉంటుందే తప్ప తెలియదు. తెలిసేసరికి అది పక్కకి తిరిగిపోతుంది. ఆయనకి ఈత కొద్దిగా వచ్చు. కానీ ఆ గోడలు నిలువు గోడలు, మోకాలి ఎత్తున పాచి. పట్టుకోవడానికి ఒక గొలుసు లేదు, ఒక మెట్టు లేదు. మెట్లున్న రేవు అక్కడికి ఆరు వందల గజాలు. స్తంభానికి కట్టిన తాడు కాలికి చుట్టుకుందని కూడా అన్నారు. గోడ మీద గాలాలు వేసుకుంటున్న ఇద్దరు తాడు తెచ్చి దింపేసరికి ఆయన పైకి రావడం మానేశాడు. నేనూ పరిగెత్తాను. నేను వెళ్ళేసరికి గాలపుకర్ర ఒకటి నిలువుగా తేలుతూ ఉంది.

మధ్యాహ్నం జలమార్గాల ఆఫీసునుంచి అధికారి వచ్చాడు. సీటు వెనక కట్టి ఉన్న జాకెట్టు చూశాడు, ఫొటో తీసుకున్నాడు. పడవ నిండా నీళ్ళున్నాయి. తిరగబడింది కాబట్టి నీళ్ళు నిండాయి అని రాసుకున్నాడు. చేప పడగానే లాగడానికి లేచి నిలబడి ఉంటాడు, పట్టు తప్పి ఉంటాడు, జాకెట్టు లేదు. అంతా సవ్యంగా కుదిరింది. అధికారి పడవని బోర్లించి చూడలేదు.

ఆయన వెళ్ళాక ఆమె బోర్లించి చూసింది. అతుకు ఒక అంచున అరచెయ్యంత లేచి ఉంది. కిందకి వేలు పోనిచ్చింది. వేలు అతుక్కుంది.

బావ వెనకే నిలబడి ఉన్నాడు. ఆ సాయంత్రమే ఆయన రంపం తీసుకుని ఏడో నంబరుని ఐదు ముక్కలు చేశాడు. కోస్తున్నంతసేపూ కళ్ళనీళ్ళు కారుతూనే ఉన్నాయని, దుమ్ము పడిందని అన్నాడని ఆమె చెప్పింది. చెత్త లారీ ముక్కలు పట్టుకుపోయింది.

ఆ తర్వాత పది రోజులకి ఆమె నా దుకాణానికి వచ్చింది. నేనొక చక్రానికి పుల్లలు బిగిస్తున్నాను. బల్ల మీద కూర్చుని మొత్తం చెప్పింది, ఇప్పుడు నేను మీకు చెబుతున్నంత వరసగా. విన్నాక నేనేం అన్నానో దాచుకోను. "జాకెట్టు వేసుకోకపోవడం ఆయన తప్పే కదా అక్కా. జరిగిందేదో జరిగింది. నువ్వు నోరు తెరిస్తే మీ బావ సంసారం వీధిన పడుతుంది. మనసులో పెట్టుకో" అన్నాను.

"పెట్టుకోవడానికి చోటు చాలట్లేదు తమ్ముడూ" అంది. నేను చక్రం తిప్పి చూసుకుంటూ ఉండిపోయాను. ఆమె కాసేపు కూర్చుని వెళ్ళిపోయింది. గ్రీజు అడగలేదు.

మర్నాడు జలమార్గాల ఆఫీసుకి వెళ్ళింది. రెండు గంటలు కూర్చోబెట్టాక అదే అధికారి పిలిచాడు. మర్యాదస్తుడు. కుర్చీ చూపించాడు, మంచినీళ్ళు ఇప్పించాడు. ఆమె చెప్పింది విని పెన్ను మూత పెట్టి పక్కన పెట్టాడు.

"పడవ ఎక్కడుందమ్మా?"

"కోసేశాం. లారీలో వెళ్ళిపోయింది."

"మరి నన్నేం చూడమంటారు?"

"నేను చెబుతున్నాను కదండీ. వేసింది నేను. ఆరలేదని తెలుసు. పైన రంగు కూడా పూశాను."

"మీకు తెలుసని మీరంటున్నారు. ఆ చీలికవల్లే తిరగబడిందని ఎవరు చెప్పాలి? తిరగబడ్డాక లాగేటప్పుడు గోడకి కొట్టుకుని అతుకు లేచి ఉండొచ్చు కదా." గొంతు తగ్గించాడు. "ఫైలు మూసేశాం. మళ్ళీ తెరిస్తే, పడవ ఎందుకు కోశారని మొదట మీ బావగారిని అడగాలి. తర్వాత, నేను బోర్లించి ఎందుకు చూడలేదని నన్ను అడుగుతారు. ఇంత జరిగాక పోయినాయన వస్తాడా? ఇంటికెళ్ళి పడుకోండి. నిద్ర లేనట్టుంది మీకు."

ఆమె లేచి, కుర్చీ మళ్ళీ బల్ల కిందకి తోసి, వచ్చేసింది. ఇంకా ఒక్క మనిషి మిగిలింది అనుకుంది. అక్కడికి వెళ్ళడానికి మరో పది రోజులు పట్టింది.

లిఫ్టు మెకానిక్ భార్య కళ్ళజోళ్ళ దుకాణంలో పని చేసేది. వాళ్ళది మూడో అంతస్తు. తలుపు తీసేసరికి వాకిట్లో ఆయన చెప్పులు ఇంకా అలాగే ఉన్నాయి. లోపల చిన్న హాలు, దాన్లో గుడ్డ కప్పిన టీవీ, తలుపు వెనక మూలలో నాలుగు గాలపుకర్రలు నిలబెట్టి ఉన్నాయి. భార్య లావుపాటి అద్దాలు పెట్టుకుని ఉంది. ఎవరో తెలిశాక లోపలికి రమ్మంది.

"పడవల షెడ్డులో అతుకులేసే అమ్మాయివి కదూ. నీ గురించి చెప్పేవాడు. పనిమంతురాలు అనేవాడు."

ఆ మాట విన్నాక ఆమెకి కూర్చోబుద్ధి కాలేదు. నిలబడే ఉంది.

"చేప కోసం లేచి నిలబడ్డాట్ట" అంది భార్య. "నలభై తొమ్మిదేళ్ళ మనిషి. ఎవరైనా పడవలో నిలబడతారా? జాకెట్టు విప్పి వెనక కట్టుకున్నాట్ట. ఇంట్లో బల్బు మార్చాలన్నా మెయిన్ ఆపేవాడు, అలాంటి మనిషి."

"ఆయన నిలబడలేదండీ."

"నువ్వు చూశావా?"

"చూడలేదు. కానీ ఆ పడవ... ఆ పడవకి శనివారం నేను..."

"ఆగు." భార్య కళ్ళజోడు తీసేసింది. "ఏం చెప్పబోతున్నావో నాకు కొంచెం అర్థమవుతోంది. చెప్పకు. ఇరవై రెండు రోజుల్నించి లేస్తూ ఆయన్ని తిడుతున్నాను, పడుకుంటూ ఆయన్ని తిడుతున్నాను. వంట చేస్తూ తిడతాను. నీకు చేపే ఎక్కువైపోయిందా, మేం అక్కర్లేకపోయామా అని. ఆ తిట్ల మీద నిలబడి ఉన్నాను. అది కూడా లాక్కుంటే నేను దేని మీద నిలబడాలి? ఆయన తప్పు లేదంటే నేను ఏడవాలి. ఏడిస్తే లేవలేను. నేను ఉద్యోగానికి పోవాలి."

భార్య లేచి తలుపు తీసి పట్టుకుంది. కోపం లేదు. "మెట్ల మీదుగా దిగు. లిఫ్టు పని చెయ్యట్లేదు" అంది.

ఆఫీసుకి వెళ్ళిన సంగతి ఇంట్లో తెలిసింది. ఎలా తెలిసిందో ఏమో, బహుశా అధికారే బావకి ఫోన్ చేసి ఉంటాడు. అక్క గదిలోకి వచ్చి మంచం మీద కూర్చుంది.

"మమ్మల్ని జైల్లో పెట్టిద్దామనుకున్నావా?"

"నన్ను పెడతారనుకున్నాను అక్కా."

"నిన్ను పెడితే నీ బావని వదుల్తారా? నీకు ఆకలేస్తే అన్నం పెట్టింది ఎవరు? ఆ మనిషి అన్నం సరిగ్గా తిని ఎన్నాళ్ళయిందో చూశావా నువ్వు? నీ ఒక్కదానికే ఉందా మనసు?"

"నేను సరే అనకుండా ఉంటే..."

"అన్నావు. మీ బావ అడిగాడు. లిఫ్టాయన చచ్చాడు. ఇంక ఎన్నిసార్లు చెప్తావు?" అని అక్క లేచి వెళ్ళిపోయింది. ఆ రోజునుంచి భోజనం గుమ్మం దగ్గర పెట్టి పోయేది. చెల్లీ అని పిలవడం మానేసింది. ఒకే వంటింటి గిన్నెలో వండిన అన్నం ఇద్దరూ రెండు గోడల అవతల కూర్చుని తినేవాళ్ళు.

బావ జోకులు పోయాయి. పొద్దున్నే ప్రతి పడవలో రెండు ఇసుక బస్తాలు వేసి, గంటసేపు నీళ్ళలో నిలబెట్టి, అడుగు తడిమి తడిమి చూసిగానీ ఎవర్నీ ఎక్కనిచ్చేవాడు కాదు. ఎక్కేవాళ్ళ జాకెట్టు బకిల్సు తనే బిగించేవాడు, ఊపిరాడట్లేదు అని వాళ్ళు గునిసేదాకా. మరదలి చేతికి పని ఇవ్వలేదు. ఇవ్వనని ఎప్పుడూ అనలేదు. పగిలిన పడవలు షెడ్డు వెనక పేరుకుంటూ పోయాయి, అంతే. ఆమె వాటి మధ్య స్టూలు వేసుకుని కూర్చునేది. రెజిన్ డబ్బా మూత తీసి చూసి మళ్ళీ మూసేది. ఒకసారి నేను వెళ్ళేసరికి చేతులు చూపించింది. పొక్కులు మానిపోయి చర్మం నున్నగా వచ్చింది. "ఎంత బాగున్నాయో చూడు" అంది. అలా అంటున్నప్పుడు ఆమె మొహం చూడలేకపోయాను.

నాలుగో నెలలో ఒక మధ్యాహ్నం లిఫ్టు మెకానిక్ భార్య వచ్చింది. మొదట నా దుకాణం ముందే ఆగి, పడవల షెడ్డు ఇదేనా అని అడిగింది. నేనే తీసుకెళ్ళాను. అతుకులక్క ఆమెని చూసి లేచి నిలబడింది. ఇద్దరూ మెట్ల దగ్గరికి నడిచారు. నేను వెనక్కి వచ్చేద్దామనుకున్నాను గానీ కమ్మీ దగ్గరే నిలబడిపోయాను.

"ఆ రోజు నువ్వు చెప్పకుండానే చెప్పి పోయావు" అంది భార్య. "అప్పట్నించి ఆయన్ని తిట్టడం కుదరట్లేదు. నోటిదాకా వస్తుంది, నీ మొహం గుర్తొస్తుంది, ఆగిపోతుంది. అందుకని నిన్నే తిడదామని వచ్చాను. సెలవు పెట్టుకుని మరీ వచ్చాను."

"తిట్టండి."

"దారిలో బస్సులో అన్నీ అనుకుంటూ వచ్చాను."

"తిట్టండి అమ్మా. కొట్టినా సరే."

భార్య ఆమె వైపు చాలాసేపు చూసింది. తర్వాత మెల్లిగా మెట్టు మీద కూర్చుండిపోయింది. "రావట్లేదు" అంది. "నువ్వు నాకంటే చిక్కిపోయావు. నిన్నేమని తిట్టేది?"

అప్పుడు మొదలైంది ఏడుపు. నాలుగు నెలలు ఆపుకున్నది. గొంతు పైకి రాకుండా, ఒళ్ళంతా ఊగుతూ ఏడ్చింది. అతుకులక్క పక్కన కూర్చుని ఆమె వీపు మీద చెయ్యి వెయ్యబోయి, గాల్లోనే ఆపేసింది. ఆ చెయ్యి అలా ఉండిపోవడం నేను చూశాను. వేస్తే ఏమవుతుందో, వెయ్యకపోతే ఏమవుతుందో ఆమెకి తెలియలేదు. చివరికి తన ఒళ్ళోకి తెచ్చుకుంది. కింద రేవులో ఎవరో కాలేజీ పిల్లలు తొక్కుడు పడవ ఎక్కుతూ నవ్వుకుంటున్నారు. బావ వాళ్ళకి జాకెట్లు బిగిస్తూ ఒక్కసారి పైకి చూసి, గబగబా తల దించుకున్నాడు.

ఏడుపు ఆగాక భార్య మొహం తుడుచుకుని, "ఆయనకి నొప్పి తెలిసుంటుందా?" అని అడిగింది.

"నాకు తెలియదమ్మా."

"అబద్ధమైనా చెప్పొచ్చుగా."

"ఇంక చెప్పలేను."

భార్య తల ఊపి, లేచి, కొంగు దులుపుకుని వెళ్ళిపోయింది. క్షమించాననలేదు. క్షమించననీ అనలేదు. తర్వాత రెండు నెలలకి ఇల్లు ఖాళీ చేసి తమ్ముడి దగ్గరికి వెళ్ళిపోయిందని తెలిసింది. కమ్మీలకి కాలువ పొడవునా ఎర్ర బోర్డులు వచ్చాయి, పడవలో నిలబడరాదు అని. గోడలకి గొలుసులు మాత్రం ఎవరూ వెయ్యలేదు.

ఆ ఏడాది తిరక్కుండానే బావ షెడ్డు అమ్మేశాడు. కొన్న కంపెనీ వాళ్ళు ఫైబర్ పడవలన్నీ తీసేసి ప్లాస్టిక్ కయాకులు తెచ్చారు. అవి పగిలితే అతకరు, పారేసి కొత్తది తెస్తారు. అక్కా బావా ఊరి అవతల చిన్న ఇల్లు తీసుకున్నారు. అతుకులక్కకి కూడా అందులో ఒక గది ఉందన్నారు. ఆమె వెళ్ళలేదు. పెద్దాసుపత్రి బట్టలు ఉతికే కార్ఖానాలో చేరింది. యంత్రాల్లోంచి వచ్చే వేడి దుప్పట్లు మడతపెట్టే పని. పొడుగాటి బల్ల, అటు ఒకరు ఇటు ఒకరు నిలబడి, అంచులు కలిపి, దగ్గరికి నడిచి, మళ్ళీ వెనక్కి నడుస్తారు. రోజుకి ఆరేడు వందల దుప్పట్లు. అక్కడ ఆమెని ఎవరూ అతుకులక్క అనరు. ఆ పేరు వాళ్ళకి తెలియదు, ఆమె చెప్పలేదు. ఆదివారం సెలవు వద్దని రాసిచ్చిందట. ఆదివారం పని చేసేవాళ్ళు దొరకక ఇబ్బందిపడే సూపర్‌వైజరు ఆమెని దేవత అంటాడు.

పోయిన నెల పాత సైకిలు ఒకటి కొనడానికి ఆ వైపు వెళ్ళి, ఆమెని చూసి వద్దామని ఆగాను. అప్పటికే కార్ఖానా గేటు దగ్గర బెంచీ మీద అక్కాచెల్లెళ్ళు ఇద్దరూ కూర్చుని ఉన్నారు. అక్క జుట్టు బాగా నెరిసింది. మధ్యలో తెరిచిన టిఫిను డబ్బా, సగం తిని ఉంది. నన్ను చూసి చెల్లెలు జరిగి చోటిచ్చింది. బావగారు ఎలా ఉన్నారని నేనడిగితే అక్క, "ఉన్నారు. ఇంట్లో నీళ్ళ తొట్టి నిండితే కూడా వెళ్ళి చూసొస్తారు కారుతోందేమోనని" అంది.

అక్క చెల్లెలి వైపు తిరిగి, "ఇంటికి రా చెల్లీ" అంది. చెల్లీ అన్న మాట చాలా రోజుల తర్వాత పలికినట్టు, కాస్త తడబడుతూ వచ్చింది.

"రాలేను అక్కా."

"మీ బావ మీద కోపమా?"

"కోపం ఉంటే వచ్చేదాన్నే. ఆయన్ని చూస్తే ఆ పొద్దున మళ్ళీ మొదలవుతుంది. నన్ను చూస్తే ఆయనకీ అంతే. ఒకే ఇంట్లో ఇద్దరం రోజూ ఎన్నిసార్లు?"

అక్క డబ్బా మూత పెట్టి, సంచిలో పెట్టుకుంది. మళ్ళీ తీసి, మిగిలింది నువ్వు తిను అని చెల్లెలి ఒళ్ళో పెట్టింది. బస్సు వచ్చింది. ఎక్కి కిటికీ పక్కన కూర్చుని, చెయ్యి ఊపడానికి ఇటు తిరిగి చూసింది. లోపల గంట మోగింది అప్పుడే. చెల్లెలు డబ్బా చంకన పెట్టుకుని గేటు దాటేసింది. దుప్పట్ల బండి ఒకటి నిండుగా ఆమె బల్ల దగ్గర ఆగి ఉంది.